మరమ్మతు తెలిసిన వెలుగు

ఉర్దూలో శీతోష్ణస్థితిని 'ఆబోహవా' అందురు. ఆబ్ అనగా నీరు. హవా అనగా గాలి. తెలుగున మనమును, క్రొత్త ఊరికి పోయి మంచము పట్టిన వానిని చూచి 'ఆ ఊరి నీరు పడలేదు' అందుము. వాడు కోలుకొనుటకు 'నీరూ గాలీ మారవలెను' అందుము. ఒక చోటు మనుష్యునికి సరిపడుట, సరిపడకపోవుట ఈ రెంటిమీదనే ఆధారపడి యున్నదని రెండు భాషలవారును ఏ ప్రయోగశాల సాయమును లేకుండగనే కనుగొన్నారు. ఆ రెండు భాషలును ఒకే అట్టల నడుమ అచ్చగు ఈ వార్షిక సంచికలో నీటిని గూర్చియు, గాలిని గూర్చియు, వానితోపాటు వెలుగును గూర్చియు నాలుగు మాటలు వ్రాయుట సందర్భోచితమని తలచినాము.

కాలము ఆశాజనకముగనే ఉన్నది. 2010 ప్రాంతమున మన దేశములో సూర్యశక్తి వలన పుట్టిన విద్యుత్తు యూనిట్టు ధర పది రూపాయలకు పైబడి యుండెడిది. 2017 మే నెలలో రాజస్థానమునందలి భడ్లాలో అదే యూనిట్టును 2 రూపాయల 44 పైసలకు ఇచ్చుటకు సంస్థలు పోటీపడినవి. 2025 సంవత్సరారంభమునకు దేశములోని సౌరవిద్యుత్ సామర్థ్యము లక్ష మెగావాట్లను దాటినది. మన రాష్ట్రప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రకటించిన విధానములో పునరుత్పాదక శక్తికి 1,60,000 మెగావాట్ల లక్ష్యమును పెట్టుకొన్నది. పొగ లేని విద్యుత్తు అనునది పదునైదేండ్ల క్రిందట వక్తృత్వపు పోటీలలో మాత్రమే వినబడు ఆదర్శము. నేడు అది బజారులో ధర పలుకుచున్న సరకు. ఈ సంతోషములో మేమును పాలు పంచుకొనుచున్నాము.

అయితే ఇచ్ఛాపురము నుండి కొత్తవలస వరకు గల మన ప్రాంతపు ప్రజలకు ఈ మెగావాట్ల లెక్క ఒక్కటియే చాలదు. 1950లో ఏర్పడిన శ్రీకాకుళము, 1979లో ఏర్పడిన విజయనగరము, 2022లో ఈ రెండింటి నుండి విడివడిన పార్వతీపురము మన్యము - ఈ మూడు జిల్లాలకును పెద్ద పథకములు క్రొత్తవి కావు. ఎందరో వచ్చినారు, శంకుస్థాపనలు చేసినారు, పోయినారు. కావున యంత్రము ఏదైనను మనము రెండు ప్రశ్నలు వేయక తప్పదు. ఇది మనలను అడిగి వచ్చినదా? చెడిపోయిననాడు దీనిని బాగుచేయువాడు మన ఊరిలో ఉన్నాడా? ఈ రెంటికి సమాధానము లేని హరిత సాంకేతికము చూచుటకు ఎంత పచ్చగా ఉన్నను మన నేలలో వేరు పట్టదని మా అభిప్రాయము.

సూర్యుని పనిలో పెట్టుకొనుట మనకు తెలియని విద్య కాదు. అరసవల్లి శ్రీకాకుళము పట్టణమును ఆనుకొనియే ఉన్నది. మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని ఉదయములందు తొలికిరణములు ద్వారములను దాటివచ్చి సూర్యనారాయణమూర్తి పాదములను తాకునట్లు ఆ ఆలయమును కట్టిన శిల్పులకు సూర్యగమనపు లెక్క అరచేతిలోని ఉసిరికాయ. అంతకంటెను మాకు ఆశ్చర్యము కలిగించునది నౌపడ ఉప్పు కొఠారు. లీటరు సముద్రపు నీటిలో ఉండు ఉప్పు సుమారు 35 గ్రాములు. దానిని కాచి ఉప్పు తీయవలెనన్నచో ఎన్ని బండ్ల కట్టెలు కావలెనో ఊహించుకొనవచ్చును. కాని కొఠారులో పొయ్యి లేదు. ఉప్పుటేటి గుండ వచ్చిన నీటిని ఒక మడిలో నిలుపుదురు. చిక్కబడిన కొలది పలుచని మళ్ళలోనికి వరుసగా మళ్ళింతురు. కట్టకడపటి మడిలో తెల్లగా పేరుకొన్నదానిని ప్రోగు చేయుదురు. ఎండయు సముద్రపు గాలియు చేయు పని అది. ఏ మడిలో నీరు ఎంత చిక్కబడినదో, దానిని ఎప్పుడు వదలవలెనో, ఏ గట్టు కారుచున్నదో, ఏ మబ్బు వట్టి మబ్బో, ఏది వానమబ్బో అచ్చట పనిచేయు కూలివానికి తెలియును. గట్టు తెగినచో వాడే పూడ్చును. దానికి కంపెనీ ఇంజనీరు రానక్కరలేదు. ఆ కూలివాని బ్రతుకు హాయియైనదని మేము చెప్పుట లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉప్పునీట నిలుచుండు కాళ్ళ సంగతి అందరును ఎరుగుదురు. మేము చెప్పునది ఒక్కటే: ఆ సాంకేతికము తరతరములుగా నిలుచుటకు కారణము దాని మరమ్మతు దాని ప్రక్కనే ఉండుట.

దీనికి ఎదురుగా గోబరు గ్యాసు కథను పెట్టి చూడుడు. 1981-82లో కేంద్రప్రభుత్వము జాతీయ బయోగ్యాసు పథకమును ఆరంభించినది. ఆలోచన బంగారము వంటిది. పేడ వృథా కాదు, వంటయింట పొగ ఉండదు, మిగిలిన మడ్డి పొలమునకు ఎరువగును. సబ్సిడీలు వచ్చినవి, గుంతలు త్రవ్వినారు, ఇనుప డ్రమ్ములు బిగించినారు. పిదప ఏమైనది? ఉప్పుగాలికి డ్రమ్ము తుప్పు పట్టినది. గొట్టములో నీరు నిలిచి మంట ఆగినది. వాల్వు పాడైనది. బాగుచేయువాడు జిల్లా కేంద్రములో ఉండెను. అతడు వచ్చుటకు ఖర్చు, వచ్చిన తరువాత సామాను దొరకుటకు ఆలస్యము. ఇంతలో పశువులు తగ్గినవి, ట్రాక్టరు వచ్చినది, గ్యాసు బండ వచ్చినది. అనేక గ్రామములలో ఆ గుంతలు పూడిపోయినవి. లోపము శాస్త్రములో లేదు. పథకమును వ్రాసినవారు డ్రమ్మునకు ధర కట్టినారు గాని, డ్రమ్మును చూచుకొను మనుష్యునికి జీతము కట్టలేదు. పంచాయతీ కూడలిలో సౌరదీపపు స్తంభము నిలిచి, దీపము వెలుగక, క్రింద బ్యాటరీ పెట్టె ఖాళీగా ఉండు దృశ్యము కూడ ఈ జాతిదే. ఫలకము ఇరువదియైదేండ్లు పనిచేయును. బ్యాటరీ నాలుగైదేండ్లలో ముగియును. ఆ సంగతి స్తంభమును ప్రారంభించిన నాడే లెక్కలో ఉండవలసినది.

'మరమ్మతు' అను మాట అరబ్బీలో పుట్టి, ఫారసీ మీదుగా ఉర్దూలోనికి వచ్చి, అచ్చటినుండి మన తెలుగున స్థిరపడినది. ఆ మాటతోపాటు ఆ వృత్తియు మన వీధులలో స్థిరపడినది. మన పట్టణములలో సైకిలు షాపు, మోటారు వైండింగు, స్టవ్వు మరమ్మతు, గడియారపు బాగుసేత, గొడుగుల బాగుసేత, రేడియోల కాలములో రేడియో, నేడు సెల్‌ఫోను - వీనిని నడుపు కుటుంబముల పిల్లలు మన తరగతులలో ఎందరో కూర్చుండుచున్నారు. తండ్రి చేయు పనిని చెప్పుకొనుటకు వారిలో కొందరు సిగ్గుపడుదురు. హాజరుపట్టికలో తండ్రి వృత్తి వ్రాయవలసి వచ్చినప్పుడు 'వ్యాపారము' అని వ్రాసి ఊరకుందురు. కాలిపోయిన మోటారును విప్పి, పాత రాగితీగను చుట్టు చుట్టుగా లెక్కించి తీసి, అదే లెక్కకు క్రొత్తతీగ చుట్టి తిరిగి నడిపించుట సిగ్గుపడవలసిన పనియా? మారిన కాలములో అత్యంత గౌరవము పొందవలసిన విద్య అదియే అని మేము నమ్ముచున్నాము. ఇంటింటి కప్పుపై ఫలకము, పొలములో సౌరపంపు, రోడ్డుపై విద్యుత్తుతో నడచు ఆటో వచ్చుచున్నవి. ఇవి అన్నియు ఒకనాడు చెడిపోవలసినవే.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానము అను పేరునకే ఉద్యానవనమని అర్థము చెప్పుదురు. ఆ ఒక్క రాత్రితో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలవ్రాలినవి. కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టు చెట్లు అవి. వానితోపాటు విద్యుత్ స్తంభములును పెద్ద సంఖ్యలో కూలినవి. ఇతర జిల్లాల నుండి సిబ్బంది వచ్చి రేయింబవళ్ళు కష్టపడినను, లోపలి గ్రామములకు దినముల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనిచో మోటారు లేదు. మోటారు లేనిచో త్రాగునీరు లేదు. మూత్రపిండముల వ్యాధి తరతరములను పీల్చుచున్న ఉద్దానమునందు మంచినీటి కొరత ఎట్టిదో వేరుగ చెప్పవలసిన పని లేదు. ఆ వ్యాధికి మూలకారణమును శాస్త్రజ్ఞులు నేటికిని ఇదమిత్థమని తేల్చలేదు. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయపు నీటిని ఉద్దానమునకు చేర్చు పథకము ప్రారంభమైనది; మంచిదే. కాని ఎంత పెద్ద పథకమైనను కరెంటు తీగకు కట్టుబడినదే. ప్రతి గ్రామపు నీటితొట్టి వద్దను తనదైన చిన్న సౌరపంపు ఒకటి, దానిని తుఫాను హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టి, గాలి తగ్గగానే తిరిగి బిగించుట తెలిసిన ఇద్దరు యువకులు ఉన్నచో, ఆ దినములు వేరుగ ఉండెడివి. బిగించిన ఫలకములను కూడ తుఫాను ఎగురగొట్టగలదు గదా అని అడుగవచ్చును. నిజమే. అందుకే ఫలకముకంటె ఆ ఇద్దరు యువకుల మాటయే మేము గట్టిగా చెప్పుచున్నాము.

ఇది కోరిక మాత్రమే కాదు, జరిగిన పని. రాజస్థానములోని తిలోనియా అను పల్లెయందు 1972లో స్థాపితమైన బేర్‌ఫుట్ కళాశాల చదువురాని గ్రామీణ స్త్రీలకు, అందులోను అమ్మమ్మలకు, సౌరదీపములను కూర్చుటయు మరమ్మతు చేయుటయు నేర్పినది. ఆఫ్రికా దేశముల నుండి వచ్చిన స్త్రీలు, బోధకుని భాష రాకున్నను, తీగల రంగులను బట్టియు సైగలను బట్టియు నేర్చుకొని తమ ఊళ్ళకు వెలుగు తీసికొనిపోయినారు. పడుచువారికి నేర్పినచో సర్టిఫికెట్టు పట్టుకొని పట్నము పోవుదురని, అమ్మమ్మలైనచో ఊరిలోనే ఉందురని వారి వాదము. వినుటకు నవ్వు వచ్చును గాని ఆలోచించినచో మన జిల్లాల వలసబాధ ఆ వాదములో కనబడును. బంగ్లాదేశములో 2003 నుండి ప్రభుత్వ సంస్థ ఒకటి వాయిదాల పద్ధతిపై నలుబది లక్షలకు పైగా ఇండ్లకు చిన్న సౌరవ్యవస్థలను చేర్చినది. వాయిదా వసూలునకు వచ్చువాడు దీపము వెలుగుచున్నదో లేదో చూచెడివాడు. వెలుగనిచో డబ్బు రాదు. మరమ్మతు కొరకు ఇంతకంటె మంచి ఏర్పాటు ఏమి కావలెను! తరువాత పెద్ద తీగలు ఊళ్ళకు వచ్చినందున ఆ పథకము సన్నగిల్లినది. అయినను అది వెలిగించిన ఏండ్లు వ్యర్థములు కావు.

మన చెంతనే ఇంకొక ఉదాహరణము ఉన్నది. అది యంత్రమే కాదు. ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతు సాధికార సంస్థ నడుపుచున్న ప్రకృతి వ్యవసాయము మన్యపు కొండవాలులలోను, మైదానములోను వ్యాపించుచున్నది. ఎకరమునకు కావలసిన జీవామృతము పది కిలోల పేడ, అయిదారు లీటర్ల ఆవు మూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుల పిండి, పుట్టమన్నో గట్టుమన్నో ఒక పిడికెడు, రెండువందల లీటర్ల నీరు. రెండు దినములు నీడలో ఊరవలెను. వానలకు ముందే పలురకముల విత్తనములను కలిపి చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచు పద్ధతియు దీనిలో భాగమే. ఈ ఉద్యమమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగము లభించినది. దిగుబడుల విషయములో 2019లో కొందరు వ్యవసాయ శాస్త్రజ్ఞులు గట్టి సందేహములు వెలిబుచ్చినారు. ఆ సందేహములు పొలములో కొలతల ద్వారా తీరవలసినవే గాని సభలలో చప్పట్లతో తీరునవి కావు. మాకు ఆసక్తి కలిగించిన అంశము వేరు. ఇచ్చట బోధకుడు పట్టణపు అధికారి కాడు; తన పొలములో చేసి చూచిన రైతు. మహిళాసంఘములో ఒకామె చేసినదానిని ప్రక్కయామె చూచును. తేడా వచ్చినచో సాయంకాలము అరుగుమీద అడుగును. ఇది వ్యవసాయమునకు మరమ్మతు. అదే పనిని శ్రీలంక ప్రభుత్వము 2021లో ఒక్క ఉత్తర్వుతో చేయదలచినది: రసాయనికపు ఎరువుల దిగుమతిని నిలిపివేసినది. నేర్చుకొనుటకు గడువు లేదు, అడుగుటకు మనుష్యుడు లేడు. పంటలు దెబ్బతినినవి, ఆ సంవత్సరము ముగియకముందే ఉత్తర్వును వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఉద్దేశము పచ్చనిదే. పై నుండి పడిన పచ్చదనమది.

ఇక మొదటి ప్రశ్న: అడిగి వచ్చినదా?

సోంపేట బీలను చూచినవారికి అది నీటిచెలమో పొలమో చెరువో చెప్పుట కష్టము. అన్నియు అదే. వానాకాలపు నీటిని పట్టి ఉంచి, చుట్టు పొలములకు తడి ఇచ్చి, పశువులకు మేత ఇచ్చి, చేపలు పట్టువారికి చేప ఇచ్చి, ఊరి బావులలో నీటిని నిలబెట్టు తావు అది. ఇంజనీర్లు ఎవరును గీయని జలాశయము. కరెంటు లేకుండ నడచు హరిత సాంకేతికమనినను తప్పు లేదు. అచ్చట బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము కట్టుటకు 2008లో ప్రభుత్వము భూమి కేటాయించినది. జనము వద్దనినారు. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసినది. ఆ ఉత్తర్వు ఒక్క దినము ముందు వచ్చియున్నచో అను ఆలోచన నేటికిని మనలను వదలదు. ఎనిమిది నెలలు తిరుగక ముందే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర భూముల వద్ద మరల కాల్పులు, మరల మరణములు. ఆ ప్రాంతమునకు దగ్గరనే తేలినీలాపురము చింతచెట్లపై గూళ్ళు కట్టుకొను గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేట వచ్చి పోవుచుండును. ఊరివారు వానిని కొట్టరు. అవి వచ్చినచో వానలు, పంటలు అని వారి నమ్మకము. సోంపేటలో కేంద్రము రాలేదు. కాకరాపల్లిలో పూర్తి కాలేదు.

ఈ రెండు పోరాటములును బొగ్గునకు వ్యతిరేకముగ జరిగినవని మాత్రమే చెప్పుకొనుట పొరపాటు. అవి అడుగకుండ వచ్చినదానికి వ్యతిరేకముగ జరిగినవి. అందుచేత నేడు పచ్చజెండా పట్టుకొని వచ్చు పథకములకు కూడ అదే కొలబద్ద వర్తించును. 2022 జూన్‌లో మన రాష్ట్రపు పెట్టుబడుల మండలి సాలూరు వైపు కొండలలో రెండు పంప్డ్ స్టోరేజి విద్యుత్కేంద్రములకు ఆమోదము తెలిపినది: కురుకుట్టి వద్ద 1,200 మెగావాట్లు, కర్రివలస వద్ద 1,000 మెగావాట్లు. ఈ పద్ధతి వాస్తవముగ అందమైనది. కొండపైన ఒక జలాశయము, దిగువన మరియొకటి. పగలు ఎండకు పుట్టి మిగిలిపోవు విద్యుత్తుతో నీటిని పైకి తోడుదురు. సూర్యుడు అస్తమించి ఊళ్ళలో దీపములు వెలుగు వేళకు ఆ నీటిని క్రిందికి వదలి విద్యుత్తు తీయుదురు. నూరు యూనిట్లు పెట్టినచో డెబ్బదియైదు నుండి ఎనుబది వరకు తిరిగి వచ్చును. ఎండను రాత్రికి దాచుకొను పెద్ద గాదె అన్నమాట. సౌరవిద్యుత్తు ఎంత పెరిగిన అటువంటి గాదెలు అంత కావలెను. దీనిని మేము కాదనము.

కాని గాదె ఎవరి పెరటిలో కట్టుచున్నారు? ఆ కొండల నడుమ గెడ్డ ఒక్కటియే త్రాగునీరు, సాగునీరు, పశువుల నీరు. గెడ్డ నీటిని ఒకసారి నింపుకొని తిప్పి తిప్పి వాడుదుమని కంపెనీ ఇంజనీరు చెప్పు మాట లెక్కప్రకారము సరియే కావచ్చును. దిగువన ఉన్న జీడితోటవానికి ఆ లెక్కను ఎవరు చూపుచున్నారు? 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము ప్రారంభమైనప్పుడు కొండలనుండి తీగ దిగివచ్చి మైదానపు పట్టణములలో దీపములు వెలిగినవి. ఆ జలాశయపు నీటిలో మునిగిన పల్లెల గిరిజనులు చీకటిలోనే కొండలెక్కినారు. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించి తీరవలెనని చెప్పుచున్నది. చట్టము మంచిదే. అయితే మన ఉత్తర కోస్తా జిల్లాలలో గిరిజనులే నివసించు పెక్కు గ్రామములు షెడ్యూలునకు వెలుపల ఉన్నవి. వానిని చేర్చవలెనను కోరిక దశాబ్దములుగా వినబడుచున్నది. గట్టుకు ఈవలి పల్లెకు గ్రామసభ హక్కు, ఆవలి పల్లెకు లేదు. ఈ గీతను సరిదిద్దకుండ హరితశక్తి పేరున కొండ త్రవ్వుట న్యాయము కాదు. గ్రామసభ అంగీకరించిన చోట, లాభములో ఏటేట వాటా ఆ గ్రామమునకు వ్రాసి ఇచ్చిన చోట, గెడ్డ నీటి కొలతను ఊరి బడిపిల్లలైనను చదువగల పలకపై ప్రతిదినము వ్రాసి పెట్టిన చోట, అట్టి కేంద్రమును మేము మనసార ఆహ్వానింతుము.

పెద్దలు కొందరు ఇట్లు అందురు: 'ఇంటి కప్పుమీది ఫలకములతో ఉక్కు ఫ్యాక్టరీలు నడచునా? చిన్న చిన్న దీపములతో దేశము ముందుకు పోవునా?' నడవవు, పోదు. పెద్ద కేంద్రములు కావలెను. (కొవ్వాడ అణువిద్యుత్ ప్రతిపాదన సంగతి ఈ వ్యాసమున ఇముడునది కాదు; అది ప్రత్యేకముగ చర్చింపదగినది.) కాని పెద్దది వచ్చుచున్నదను నెపముతో చిన్నదానిని చేయకుండుట మన అలవాటు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల కప్పు వ్యవస్థకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ కలదు. సొంత మిద్దె గలవారికి అది మేలే. పెంకుటింట, తాటియాకుల ఇంట, అద్దెయింట ఉండువారికి? మన విద్యార్థులలో ఎందరికి సొంత డాబా ఉన్నది? వీధివారందరును కలిసి మసీదు డాబాపైననో, బడి డాబాపైననో, సంఘభవనముపైననో ఉమ్మడిగ ఫలకములు పెట్టుకొని, యూనిట్లను ఇండ్లకు పంచుకొను ఏర్పాటు సులువు కావలసి యున్నది. బిల్లులో ఆ తగ్గింపు పేదవానికి చేరిననాడే ఆ పథకము పేరు సార్థకమగును.

పచ్చదనము ఒక్కటియే ఉండి కూలి గిట్టనిచో ఏమగునో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. పొందూరు సన్నఖద్దరును మించిన హరిత పరిశ్రమ ఏది? పత్తిని శుభ్రపరచుటకు వాలుగ చేప దవడ ఎముక, వడకుటకు రాట్నము, నేయుటకు చేతిమగ్గము. బొగ్గు లేదు, పొగ లేదు, రసాయనము లేదు. ఆ వస్త్రమునకు దేశమంతట పేరు. కాని ఆ నూలు వడకు చేతులు చాలవరకు వృద్ధస్త్రీలవి. దినమంత వడకినను వచ్చునది స్వల్పము. కూతుళ్ళు ఆ రాట్నము వద్ద కూర్చుండుట లేదు. పర్యావరణమును కాపాడుచున్నందుకు ఆ తల్లికి ఎవరును అదనముగ పైస ఇచ్చుట లేదు. పొగ వదలకుండినందుకు కర్మాగారములకు కార్బను ధర కట్టు ఈ రోజులలో, ఏనాడును పొగ వదలని పొందూరు రాట్నమునకు లెక్క కట్టువాడు లేకపోవుట విచిత్రము.

ఇక మన కళాశాల సంగతి. ఒక కిలోవాటు ఫలకములకు సుమారు నూరు చదరపుటడుగుల డాబా కావలెను. దినమునకు సగటున నాలుగు యూనిట్లు వచ్చును. వేయి చదరపుటడుగులు ఖాళీ చేసినచో పది కిలోవాట్లు, దినమునకు నలుబది యూనిట్లు. ప్రయోగశాలకు, గ్రంథాలయమునకు, పంకాలకు చాలవరకు సరిపోవును. సొమ్ము సమకూరుట యాజమాన్యపు పని. దానిని గూర్చి ఇచ్చట వ్రాయుట మర్యాద కాదు. కాని సొమ్ము లేకుండ చేయదగిన పని ఒకటి ఉన్నది. 2015లో జాతీయ సౌరశక్తి సంస్థ 'సూర్యమిత్ర' పేరున యువకులకు శిక్షణ ఆరంభించి అయిదేండ్లలో యాబదివేలమందిని తయారుచేయ సంకల్పించినది. ఆ శిక్షణకు తుల్యమైనది కాకున్నను, దానికి తొలిమెట్టుగ, నెలకు ఒక శనివారము మధ్యాహ్నము మన భౌతికశాస్త్ర ప్రయోగశాలను తెరచి ఉంచవచ్చును. ఓం నియమమును చెప్పుటకు భౌతికశాస్త్ర అధ్యాపకులు ఉన్నారు. చేయి ఎక్కడ పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో చెప్పుటకు విద్యార్థుల తండ్రులలోనే మోటారు వైండింగు మిస్త్రీలు ఉన్నారు. వారిని ఆ ఒక్క పూట అధ్యాపకులుగ పిలిచి కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెను. ఉర్దూ, తెలుగు విభాగములవారము పరికరముల పేర్లను, జాగ్రత్తలను రెండు భాషలలోను వ్రాసి గోడకు అంటించెదము. ఆ పని మాది. విద్యార్థినులు కూడ తప్పక రావలెను. తిలోనియా అమ్మమ్మలు చేసిన పనిని మన బి.ఎస్సీ. అమ్మాయిలు చేయలేరని ఎవరైనను అనగలరా?

తొలి శనివారమునకు బల్లమీద విప్పి చూచుటకు ఇన్వర్టరు ఒకటి కావలెను. ఎవరి యింటనైన పాతది మూల పడియున్నచో ప్రయోగశాల సహాయకునికి ఇచ్చి పేరు వ్రాయించుకొనుడు. అది పనిచేయనిదైనచో మరింత మంచిది.